పాప వేలు పెట్టిన చోటు

మా అమ్మాయి చీలమండ నొప్పిని తండ్రినైన నేనే కనిపెట్టానని బంధువులంతా మెచ్చుకుంటున్నారు. అది అబద్ధం. కాదనకుండా వింటూ కూర్చున్నందుకు నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

ఎనిమిదో తరగతిలో ఖోఖో ఆడుతూ పాప కాలు బెణికింది. వాపు తగ్గినా రెండేళ్లు నొప్పి పోలేదు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. నేను నాటుకట్టుకు తీసుకెళ్లాను. కట్టు కట్టే ఆయన పాదాన్ని పైకి వంచినప్పుడు పాప అరిస్తే, నరం దారికొస్తోందనేవాడు. నేను పాప భుజాలు అదిమి పట్టుకునేవాణ్ణి.

మళ్లీ కట్టుకే కర్నూలులో కడప బస్సెక్కాం. సీటు దాకా కుంటుకుంటూ వస్తున్న పాపను, "నాటకాలు సాలు, సక్కగా నడువు" అని కసిరాను. మా సీట్లోనే కిటికీ పక్కన కూర్చున్న పెద్దామె నా వైపు తిరిగింది.

"ఏమప్పా, నొప్పి యాడుండాదో బిడ్డనెప్పుడన్నా అడిగినావా?"

"నీకెందుకమ్మా మా సంగతి?"

ఆమె నన్ను వదిలేసి, పాప పాదాన్ని తన ఒళ్లో పెట్టుకుంది. "నువ్వు సెప్పు తల్లీ."

పాప చీలమండ ముందువైపు వేలు పెట్టింది. "ఈడ అవ్వా. గొంతుక్కూచుంటే లోపల ఏందో నలుగుతాది. ఆయన పైకి వంచితే ఇంగా శానా."

"ఇన్నావా? వంచేకాడికే మళ్లా తీసకపోతాండావు! సిగ్గులేదా?"

కట్టుకు పోకుండా దారిలోనే దిగి వెనక్కొచ్చాం. కర్నూలులో ఎముకల డాక్టరు పాప వేలు పెట్టిన చోటే నొక్కి చూశాడు. పాత బెణుకు వల్ల లోపల పెరిగిన కండ ఎముకల మధ్య నలుగుతోందని స్కానింగులో తేలింది. వ్యాయామాలు చాలక, చిన్న రంధ్రం చేసి దాన్ని తీసేశారు.

నొప్పిని కనిపెట్టింది పాపే. అడిగింది ఆ పెద్దామె. నేను చేసిందల్లా భుజాలు అదిమి పట్టుకోవడం.