నా చేత్తో బిగించిన చక్రం

కుందలహళ్ళిలో మా అమ్మాయి ఇంటికి దగ్గరగా ఉన్న షోరూములో పోయిన వారం స్కూటరు సర్వీసుకిచ్చి, అద్దాల గదిలో కూర్చుని ఉండగా, ఇంచుమించు నా వయసే ఉన్న ఒక పెద్దమనిషి కౌంటరు దగ్గర వాదనకు దిగాడు. ఆయిలు తానే మార్చుకుంటానని ఆయన, అలాగైతే వారంటీ పోతుందని వాళ్ళు. చివరికి ఓడిపోయి నా పక్కన కూలబడి, మన రోజుల్లో బండి పనంతా మనమే చేసుకునేవాళ్ళం కదండీ అని నన్ను సాక్ష్యం అడిగాడు. అవునని తలూపాను. చెప్పవలసిన మనిషికే చెప్పని సంగతి ముక్కూమొహం తెలియని ఆయనకేం చెబుతాను? గోళ్ళలో గ్రీసుతోనే ఆదివారం టిఫిను తిన్న మీవంటి వారికైతే చెప్పుకోవచ్చుననిపిస్తోంది.

నాకు బండి పని నేర్పింది మా బావ, మా అక్క భర్త. చిక్కపేటలో చీరల హోల్‌సేలు అంగట్లో గుమాస్తా. అక్కడికి దగ్గర్లోనే ఒక పాత ఇంట్లో అందరం కలిసి ఉండేవాళ్ళం, అందరికీ కలిపి ఉన్నది ఆయన మోటారుసైకిలొక్కటే. ప్రతి ఆదివారం పొద్దున్నే చేతిగడియారం తీసి కిటికీ కొక్కానికి తగిలించి, వాకిట్లో గోనెపట్ట పరిచి, చెయిను కిరసనాయిల్లో కడిగి, స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వైద్యుడిలా వినేవాడు. షోరూములో ఇచ్చే స్తోమత లేక కాదు, తాను ఎక్కే బండి తన చేతికి తెలియాలన్నది ఆయన పట్టుదల. పనయ్యాక ప్రతి నట్టునూ వేలితో ఒకసారి తడిమి చూడమనేవాడు.

నాకు ఉద్యోగమైన కొత్తలో, ఒక ఆదివారం, వెనక చక్రం నేనొక్కణ్ణే విప్పి బ్రేకు శుభ్రం చేసి బిగిస్తానని పంతం పట్టాను. ఆ రోజే బావ దేవనహళ్ళిలో బంధువుల గృహప్రవేశానికి వెళ్ళాలి. ఇస్త్రీ బట్టలు వేసుకుని, గడపలో నిలబడి, నన్ను తొందరపెట్టకుండా చూస్తున్నాడు.

“అంతా చూసుకుంటివా అప్పా?”

“చూసుకుంటిని బావా.”

చూసుకోలేదు. ఎప్పుడూ తానొకసారి వంగి తడిమి చూసే మనిషి, ఆ రోజు తెల్లబట్టలు మాసిపోతాయనో, నన్ను చిన్నబుచ్చడం ఇష్టం లేకో, నేరుగా బండెక్కి వెళ్ళిపోయాడు.

దేవనహళ్ళి కోట దగ్గర మలుపులో దూడ అడ్డం వస్తే గట్టిగా బ్రేకు తొక్కాడట. వెనక చక్రం పట్టేసి, బండి విసిరేసింది. మోకాలు విరిగింది. మర్నాడు బండిని టెంపోలో తెచ్చి దించుకున్నప్పుడు చూశాను: బ్రేకును పట్టి ఉంచే కడ్డీకి నట్టు లేదు, కడ్డీ ఊడబట్టే చక్రం పట్టేసింది. ఆ నట్టు ఊడకుండా గుచ్చవలసిన చిన్న పిన్ను మా వాకిట్లోనే, కిరసనాయిలు గిన్నె అడుగున ఉంది. నేను దాన్ని తీసి మురికికాలవలో పారేసి, ఎవరూ చూడకముందే కొత్త నట్టు, కొత్త పిన్ను తెచ్చి బిగించేశాను.

పరామర్శకు వచ్చిన ప్రతివారితోనూ బావ తప్పంతా తన మీదే వేసుకున్నాడు. దూడను చూసి గాబరాపడి తొక్కానని, బండిదేం తప్పు లేదని. నేను మంచం పక్కన కూర్చుని ఆయనకు బత్తాయి తొనలు ఒలుస్తూ అంతా విన్నాను.

ఆ తరువాత ఆయన కొంచెం కుంటుతూ నడిచేవాడు, బండి మాత్రం మళ్ళీ ముట్టలేదు. నన్నే వాడుకోమన్నాడు. నేను దాన్ని షోరూముకు ఇవ్వడం మొదలుపెట్టాను. డబ్బు మదమని ఇంట్లో వాళ్ళనుకున్నారు. నిజానికి పానా పట్టుకుంటే గిన్నె అడుగున ఉన్న ఆ పిన్నే కళ్ళకు కనబడేది. బావ మాత్రం చాలా బాధపడ్డాడు. “నీ చేతులకేమొచ్చిందప్పా? నేర్చిన పని ఇడిసిపెడితే ఎట్ల?” అని ఒకటి రెండుసార్లు అడిగి, ఆఫీసు పనితో తీరడం లేదని నేనంటే, ఇక అడగడం మానేశాడు. ఆదివారాలు వసారాలో పేపరు ముందు పెట్టుకుని కూర్చునేవాడు.

బావ పోయి రెండేళ్ళయింది. కర్మలన్నీ అయ్యాక, చుట్టాలంతా వెళ్ళి ఇల్లు ఖాళీ అయిన రోజున, అక్క దగ్గర కూర్చుని మొత్తం చెప్పేశాను. ఆమె నన్ను తిట్టలేదు. చీర కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ అంది:

“నాకు చెప్పి ఏం లాభమప్పా? ఆయనకు చెప్పుండాల. తనకు బండి నడిపేది చేతగాకపాయెనే అని పొయ్యేదాంకా కుమిలిపోతా ఉండె.”

ఈ రోజుల్లో బండి సరిగా బిగించకపోతే ఫిర్యాదు చేయడానికి ఒక నంబరుంటుంది. బిగించినవాడెవడో ఎక్కినవాడికి తెలియదు, ఒకరి ముఖం ఒకరు చూడవలసిన పని లేదు. అదీ ఒక సుఖమేనేమో. మా కాలంలో తప్పు చేసినవాడూ, దెబ్బ తిన్నవాడూ ఒకే పంక్తిలో కూర్చుని అన్నం తినేవాళ్ళు. ముప్పై ఏళ్ళకు పైగా నేను ఆయన పక్కనే కూర్చుని తిన్నాను. ఏ పూటైనా చెప్పి ఉండవచ్చు.