ట్రక్కుల వెంట వచ్చిన మెంఫిస్ పాట

నేను మాస్టర్స్ చదివింది మెంఫిస్‌లో. అక్కడ యూనివర్సిటీ రేడియో స్టేషన్‌లో నాకు క్యాంపస్ జాబ్ దొరికింది. వచ్చిన సీడీలకి స్టిక్కర్లు అంటించి అరల్లో సర్దడం నా పని. పెద్ద కంపెనీల సీడీలు పోస్టులో వచ్చేవి. లేబుల్ అని పిలిచే ఒక చిన్న ర్యాప్ పాటల కంపెనీ సీడీలు మాత్రం దాని ఓనరే చేత్తో పట్టుకుని వచ్చేవారు. ఇస్త్రీ చొక్కా, తళతళలాడే బూట్లు, నెత్తిన టోపీ. లోపలికి రాగానే టోపీ తీసి, "బాగున్నావా అమ్మాయ్" అని పలకరించి, ఆ తర్వాత అరల వైపు చూసేవారు. పోయినవారం తను ఇచ్చిన సీడీ ఎక్కడుందో చూసుకోవడానికి.

అమెరికా దక్షిణాదిలో పెద్దవాళ్లని సార్ అనీ మేడమ్ అనీ పిలవడం మామూలే. నేనూ ఆయన్ని సార్ అనేదాన్ని. ఇప్పటికీ అదే పిలుపు.

ఆయన కార్లకి స్పీకర్లు బిగించే ఒక షాపులో పనిచేసేవారు. ఆఫీసు ఆ షాపు వెనక గదిలో, అద్దెకి. పాటలు రాసి పాడేవాళ్లంతా ఆ పేటవాళ్లే. రికార్డింగ్ కూడా ఆ గదిలోనే. ర్యాప్ అంటే మాదే అనుకునే న్యూయార్క్ వాళ్లకి ఆ పాటలు మొరటుగా అనిపించేవి. పెద్ద రేడియోలకి ఆ యాస నచ్చేది కాదు. సార్ వాళ్ల వెంట పడలేదు. షాపులో ఎవరు కొత్త స్పీకర్లు పెట్టించుకున్నా, మోగుతున్నాయో లేదో చూడ్డానికి వేసే సీడీ ఆయనదే. చూడ్డం అయ్యాక దాన్ని కావాలనే కారులో వదిలేసేవారు. అలా ఊళ్లో సగం కార్లలో ఆయన పాటలు తిరిగేవి.

నేను కొన్న పాత కారుకి ఒక పక్క స్పీకర్ పనిచేసేది కాదు. షాపుకి తీసుకెళ్తే కొత్తది బిగించి సీడీ వేశారు. కారు అద్దాలు వణికాయి. చదువు అయ్యేదాకా ఆ సీడీ నా కారులోంచి బయటికి రాలేదు. అందులో నాకు అర్థంకాని మాటలు కొన్ని, అర్థమయ్యాక చెవులు మూసుకోవాలనిపించినవి ఇంకొన్ని. కానీ ఆ నింపాది నడక, కడుపులోకి దిగే ఆ బేస్, ఆ పేటలో పుట్టినందుకు వాళ్లకున్న ధీమా నన్ను పట్టేసుకున్నాయి. క్లాసులో చెయ్యి ఎత్తితే నా ఇంగ్లీషుకి ఎవరు నవ్వుతారో అని నేను బెదిరే రోజులవి. మా యాస ఇంతే, వింటే విను లేకపోతే నీ దారి నీది అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పే గొంతు అప్పుడు నాకు చాలా పనికొచ్చింది.

తర్వాత ఉద్యోగం, పెళ్లి, పాప. గ్రీన్ కార్డ్ క్యూ ఎంతకీ తెమలకపోతే ఇద్దరం కెనడాకి అప్లై చేశాం. అక్కడ స్థిరంగా ఉండిపోవడానికి పీఆర్ వచ్చింది. టొరంటో పక్కన మిస్సిసాగాలో టౌన్‌హౌస్ తీసుకున్నాం. నేను ఒక ఫార్మా కంపెనీలో డేటా పని చేస్తాను. మా ఆయన ఎయిర్‌పోర్ట్ దగ్గర ట్రక్కులు నడిపే కంపెనీలో సాఫ్ట్‌వేర్ చూస్తారు.

సార్‌తో పండగ మెసేజీలు మాత్రం ఆగలేదు. రెండేళ్ల కిందట ఒకరోజు ఏకంగా ఫోనే చేశారు.

"అమ్మాయ్, మా మొదటి ఆల్బమ్ మళ్లీ వేస్తున్నా. ఈసారి పాతకాలపు పెద్ద నల్ల రికార్డు, వినైల్ మీద. కెనడాలో దాన్ని నువ్వే జనంలోకి తీసుకెళ్లాలి."

"నేను మందుల కంపెనీలో పనిచేస్తున్నాను సార్."

"అయితే ఏం? నేను స్పీకర్ల షాపులో పనిచేసేవాణ్ని."

ఒప్పుకున్నాను. ఒప్పుకోడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇవాళ లోకమంతా మోగే ర్యాప్‌లో సగానికి పైగా ఆ వెనక గదుల్లో పుట్టిన పద్ధతే. పేరున్న పాటగాళ్లు ఆ పాత పాటల్లోంచి ముక్కలు తీసుకుని తమ పాటల్లో పెట్టుకున్నారు. మా పాప ఫోన్‌లోనూ అలాంటిదొకటి ఉంది. సార్ ఆల్బమ్ దానికి వినిపిస్తే, "అమ్మా, దే కాపీడ్ ఇట్" అంది.

"కాపీ కాదు నాన్నా. మొదటిది ఇదే" అన్నాను. అది కాసేపు నా మొహం వైపు అనుమానంగా చూసింది.

ఆ మాట చెప్తే సార్ నవ్వారు. "నాకేం బాధ లేదు. పిల్లలు నా ముక్కు పెట్టుకుని తిరుగుతున్నారు. ఆ ముక్కు ఏ తాతదో తెలిస్తే చాలు."

తెలియజెప్పడమే కష్టమైంది. రేడియో స్టేషన్లకి మెయిల్స్ పెట్టాను. జవాబిచ్చిన ఒకాయన మర్యాదగానే చెప్పాడు: కెనడా పాటలు ఇన్ని వెయ్యాలని రూలుంది, మిగిలిన టైమ్ పెద్ద కంపెనీలు తీసుకుంటాయి, మీ పాత పాటకి చోటెక్కడిది అని. ఆన్‌లైన్ ప్లేలిస్టుల వాళ్ల దగ్గర్నుంచి ఆ మాత్రం మాట కూడా రాలేదు. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో లింక్ పెడితే, ఆ పాట మొదటి మాటలు విన్న ఒకమ్మాయి "ఆంటీ, మీ అకౌంట్ హ్యాక్ అయినట్టుంది, చూసుకోండి" అని రాసింది. టొరంటోలో ఒక రికార్డుల షాపు వాళ్లు కొన్ని తీసుకున్నారు. రెండు వారాల తర్వాత వెళ్లి చూస్తే మావి కింద పెట్టెలో, అన్నిటికన్నా వెనక ఉన్నాయి. షాపతను వేరేవాళ్లతో మాట్లాడుతుండగా తీసి ముందు పెట్టి వచ్చాను. మెంఫిస్‌లో సార్ అరల వైపు ఎందుకలా చూసేవారో అప్పుడు బాగా అర్థమైంది.

అయినా నాకు దిగులు వెయ్యలేదు. పాట మంచిదని తెలుసు. దాన్ని పెట్టాల్సిన చోటు ఇంకా దొరకలేదు, అంతే.

ఆ చోటు మా ఆయన ఆఫీసు బయట దొరికింది. ఆయన కారు సర్వీసింగ్‌కి ఇచ్చారని ఓ సాయంత్రం ఆయన్ని తీసుకురావడానికి వెళ్లాను. ట్రక్కుల యార్డులో ఒక పంజాబీ డ్రైవర్ తలుపు తీసిపెట్టుకుని క్యాబిన్ తుడుచుకుంటున్నాడు. లోపల్నుంచి ఏదో ర్యాప్, మెంఫిస్ బాణీది. ఆగి, నా హైదరాబాద్ హిందీలో అడిగాను, ఇదెక్కడిది అని.

"పేరు తెలీదు బెహెన్‌జీ. మెంఫిస్‌లో లోడ్ దించడానికి గంటలు గంటలు ఆపుతారు. అక్కడి రేడియోలో విని విని అలవాటైంది."

నా ఫోన్‌లో సార్ పాట పెట్టి ఇచ్చాను. అతను దాన్ని ట్రక్కు స్పీకర్లకి కలిపాడు. గుడ్డ చేతిలోనే ఉంచుకుని పాట పూర్తయ్యేదాకా విన్నాడు.

"ఇది ఆ పాటకి అమ్మలా ఉంది" అన్నాడు.

కారెక్కాక మా ఆయనతో అన్నాను, "సార్ పాటలు మొదట్నుంచీ బండ్లలోనే కదా తిరిగాయి. రేడియోల చుట్టూ నేనెందుకు తిరుగుతున్నాను?"

"మా యార్డులో వారానికోసారి డ్రైవర్లందరికీ మీటింగ్ ఉంటుంది. సమోసాలు పెడతారు. వచ్చి చెప్పు" అన్నారాయన.

వెళ్లాను. మైకు లేదు, సమోసాల పళ్లేల పక్కన నిలబడి, ఈ పాట ఎవరిదో, ఏ గదిలో పుట్టిందో చెప్పి, పాట వినిపించి, లింక్ ఉన్న కార్డులు పంచాను. క్యాబిన్ తుడుచుకున్న ఆ డ్రైవరన్న తన పంజాబీ గ్రూపుల్లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. అతన్నుంచి సోమాలీ డ్రైవర్లకి, వాళ్లనుంచి గిడ్డంగుల్లో పార్ట్‌టైమ్ చేసే మన స్టూడెంట్స్‌కి పాకింది. ఎవరు ఏ ఊళ్లో వింటున్నారో చూపించే మ్యాప్ ఒకటి సార్ ఫోన్‌లో ఉంటుంది. ఓ రోజు ఆయన ఫోన్ చేసి, "విండ్సర్, టొలీడో, సిన్సినాటి, లూయిస్‌విల్, నాష్‌విల్. అమ్మాయ్, మీ ట్రక్కులు మా ఊరికి వచ్చే దారి ఇది. నేను గతంలో సీడీలు వేసుకుని కారులో తిరిగిన దారి" అన్నారు. ఆ గొంతులో సంతోషం నాకిప్పటికీ గుర్తుంది.

ఆ ఊపులో మిస్సిసాగాలో షో పెడదామనుకున్నాం. ఆ ఆల్బమ్‌లో పాడిన మనిషిని, ఇప్పుడు అతనికీ యాభై దాటాయి, సార్ తన కారులోనే తీసుకొస్తానన్నారు. డ్రైవర్లు ఇంటిదగ్గరుండేది శనివారం కాబట్టి శనివారం మధ్యాహ్నం. మనవాళ్లు ఓణీల ఫంక్షన్లు చేసుకునే హాలే బుక్ చేశాను. ముందురోజు ఫంక్షన్ తాలూకు బంతిపూల దండలు స్టేజీ మీద అలాగే ఉన్నాయి. తియ్యమంటారా అని మేనేజర్ అడిగితే, ఉండనివ్వమన్నాను.

హాల్లో స్పీకర్లు పెట్టిస్తుండగా సార్ ఫోన్.

"నేను బోర్డర్ దాటి విండ్సర్‌లో ఉన్నా. వాడు లేడు."

"లేడంటే?"

"బోర్డర్లో వెనక్కి పంపేశారు. ఎప్పుడో కుర్రతనంలో ఒక కేసు. శిక్ష అయిపోయింది, వాడే మర్చిపోయాడు. వీళ్ల కంప్యూటర్ మర్చిపోలేదు. ముందే పర్మిట్ తీసుకోవాలట."

స్పీకర్లు పెట్టేవాళ్లని ఆగమని చేత్తో సైగ చేశాను. తర్వాత అడిగాను, "మీరు వస్తున్నారా సార్?"

"నేనెందుకు రాను? రికార్డులు నా డిక్కీలో ఉన్నాయి."

ఆయన వచ్చేలోపు జనం రావడం మొదలైంది. నేను గుమ్మం దగ్గర నిలబడి వచ్చిన ప్రతివాళ్లకీ ఉన్నమాట చెప్పాను: పాడేమనిషిని బోర్డర్లో ఆపేశారు, లేబుల్ పెట్టినాయన వస్తున్నారు, ఉండాలనుకుంటే ఉండండి, లేదంటే టికెట్ వాపసు ఇస్తాను అని. కొందరు వెళ్లిపోయారు. పంజాబీ డ్రైవరన్న తన భార్యతో వచ్చాడు. విషయం విని, "మా బండ్లూ అక్కడ ఆగుతూనే ఉంటాయి. కొత్తేం కాదు" అని లోపలికి వెళ్లి ముందు వరసలో కూర్చున్నాడు. అతన్ని చూసి చాలామంది ఉండిపోయారు.

సార్ అదే ఇస్త్రీ చొక్కాతో దిగారు. జుట్టు పూర్తిగా నెరిసింది. స్టేజీ ఎక్కి దండలు చూసి, ఒక పువ్వు తుంచి జేబులో పెట్టుకున్నారు. ఒక్కో పాట వేసి, అది ఎలా తయారైందో చెప్పుకొచ్చారు. ఒక పాటలో డప్పులా వినిపించేది కారు డిక్కీ మూత వేసిన చప్పుడట. ఇంకోదాంట్లో వెనక వినిపించే గొణుగుడు, అద్దె అడగడానికి వచ్చిన షాపు ఓనర్‌దట. హాలంతా నవ్వులు.

సగంలో ఆయన ఫోన్ మోగింది. అవతల డెట్రాయిట్‌లో ఏదో పార్కింగ్ లాట్‌లోంచి, ఆ పాడేమనిషి. సార్ ఫోన్‌ని మైకు దగ్గర పెట్టి సంగీతం వేశారు. కుదరలేదు. ఫోన్‌లో గొంతు తాళం కన్నా వెనకబడి వస్తోంది. రెండుసార్లు ప్రయత్నించి, సార్ సంగీతం ఆపేశారు.

"ఉట్టినే పాడు" అన్నారు.

అతను పాడాడు. బేస్ లేదు, తాళం లేదు. అవతల ట్రాఫిక్ చప్పుడు, దాని మధ్య ఒక బొంగురు గొంతు, ఎక్కడా తడబడకుండా. ఆ పాట అన్నేళ్లు బేస్ కోసమే విన్నాననుకున్నాను. మాటలు ఎంత బాగున్నాయో ఆరోజే తెలిసింది. ఒక పిల్లాడు వాళ్లమ్మ షిఫ్టు దిగి ఇంటికొచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చునే చరణం ఒకటుంది. పక్కన నిలబడ్డ మా ఆయనకి ర్యాప్ అంటే పడదు. ఆయన తలొంచుకుని విన్నారు. పాట అయ్యాక అందరూ లేచి కొట్టిన చప్పట్లు అవతలికి చేరి, అతని నవ్వు మాకు తిరిగి వచ్చేసరికి ఒక క్షణం పట్టింది. అంతదాకా ఎవరూ కూర్చోలేదు.

ఆ హాల్లో గంట దూరంలోని వాటర్లూ నుంచి వచ్చిన ఒక యూనివర్సిటీ రేడియో అమ్మాయి ఉంది. సార్‌ని అడిగి అదంతా రికార్డు చేసుకుంది. వాళ్ల స్టేషన్‌లో ఆ షో మొత్తం వేసింది. విన్న స్టూడెంట్స్ ముక్కలు కత్తిరించి ఆన్‌లైన్‌లో పెట్టారు. ఫోన్‌లో పాడిన ఆ పాట అక్కణ్నుంచి ఎక్కడెక్కడికో వెళ్లింది. టొరంటో షాపతను తనే ఫోన్ చేసి ఇంకొన్ని కావాలన్నాడు. వెళ్లి చూస్తే గోడమీద పెట్టాడు, ఎదురుగా.

అప్పుడే ఒక పెద్ద కంపెనీ సార్ పాత పాటలన్నీ కొంటామని వచ్చింది. నా అభిప్రాయం అడిగితే, మీ ఇష్టం సార్ అన్నాను. "పాటలు అమ్మితే రేపు వాళ్లు వాటిని ఏ అరలో పెడతారో చూడ్డానికి ఎవరు వెళ్తారు?" అని వద్దన్నారు. ఆ మాటలో బింకం లేదు. తన పని తనకి తెలిసిన మనిషి మాట అది.

పాడేమనిషికి లాయర్ ద్వారా పర్మిట్ అప్లై చేయించాం. నెలలు పట్టింది. పోయిన వేసవిలో అతను బోర్డర్ దాటి వచ్చి, అదే హాల్లో సంగీతంతో సహా పాడాడు. మర్నాడు మా ఇంట్లో పులిహోర రెండుసార్లు వడ్డించుకుని, మా పాప స్కూల్ గురించి అడుగుతూ కూర్చున్నాడు. పాప ఎప్పుడూ లేనిది అన్నిటికీ నిండుగా జవాబులు చెప్పింది.

ఇప్పుడు వారాంతాల్లో నా పని సార్ పాటల్ని బండ్లలోకి ఎక్కించడమే. పక్కనే ఉన్న ఓక్‌విల్‌లో కార్లకి సోకులు చేసుకునేవాళ్లు ఆదివారాలు ఒక మాల్ పార్కింగ్‌లో చేరతారు. మెల్లగా అక్కడా నన్ను గుర్తుపడుతున్నారు. ఎవరో ఒకరు కారు తలుపు తీసి, కొత్తదేమైనా ఉందా అని అడుగుతారు. నేను కూర్చుని, సీటు సర్దుకుని, ఫోన్‌లోంచి సార్ పాట పెట్టి, సౌండ్ పెంచమంటాను.