కొత్తమ్మాయి సారీ చెప్పింది

మా కోడలు అల్లూరులో మా ఇంటి ముందుగదిలో కూర్చుని చెన్నై కంపెనీకి పనిచేస్తుంది. మా అబ్బాయి రొయ్యల చెరువులు వదిలి కదలలేడు. మనవరాలు రెండో తరగతి. ఇంటి నుంచి పనిచేసుకునే అనుమతి కోసం కోడలు ఎంతో బతిమాలుకుంది. ఆ వారం ఆ అనుమతికే ఎసరొచ్చింది.

రాసిన ప్రోగ్రామునంతా ఒకచోట చేర్చి, నడిచే సాఫ్ట్‌వేర్‌గా తయారుచేయడాన్ని వాళ్లు బిల్డ్ అంటారు. సోమవారం నుంచి ఆ బిల్డ్ సగంలో ఆగిపోతోంది. ఆగే ముందు చివరగా పని అప్పజెప్పింది మా కోడలే కాబట్టి తప్పు ఆమెదేనన్నాడు టీమ్ లీడ్. శుక్రవారం క్లయింటుకు చూపించేలోపు సరిచేయకపోతే పెట్టె సర్దుకుని చెన్నై ఆఫీసుకు వచ్చేయమన్నాడు.

నేను విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. ఉద్యోగం పోయినా డైరీ రాసే అలవాటు పోలేదు. ఆ గదిలోనే కిటికీ పక్కన కూర్చుని రాసుకుంటాను. కోడలు స్పీకర్ పెట్టి మాట్లాడుతుంది కనుక అన్నీ వినపడతాయి.

“మేడమ్, రొయ్యలకు మేత వేసొచ్చారా? ఇక మన పని చూద్దామా?” అనేవాడు లీడ్. అందరూ నవ్వేవాళ్లు. “మా మెషీన్లలో బాగానే నడుస్తోంది మరి. మీ అల్లూరు గాలి పడట్లేదేమో దానికి.” మళ్లీ నవ్వులు. కోడలూ నవ్వి, మైకు ఆపి, మంచినీళ్లు తాగేది.

బుధవారం ఉండబట్టలేక, “అమ్మా, ఫీడర్ ట్రిప్పయి కరెంటు పోతే మేము లైను మధ్యలో విప్పేసి సగం ఛార్జ్ చేసి చూసేవాళ్లం. మళ్లీ ట్రిప్పవకుండా నిలిచిందంటే తప్పు అవతలి సగంలో ఉన్నట్టు” అన్నాను.

“మేమూ అదే చేస్తాం మామయ్యా. పొద్దున్నించి అదే చేస్తా ఉండాను. మీరు కాసేపు గమ్మునుండండి.”

గమ్మునున్నాను. మధ్యాహ్నానికి దొరికింది. వాళ్ల ప్రోగ్రాములో లైబ్రరీలని, ముందే రాసిపెట్టిన ముక్కలుంటాయట. బిల్లులు తయారుచేసేది ఒకటి, రిపోర్టులు తీసేది ఒకటి. రెండూ తేదీలు లెక్కగట్టే ఇంకో చిన్న లైబ్రరీ మీద ఆధారపడతాయి. బిల్లులదానికి ఆ చిన్నదాని పాత వెర్షన్ కావాలి. రిపోర్టులదాన్ని ఎవరో ఈమధ్య కొత్త వెర్షనుకు మార్చారు. దానికి చిన్నది కూడా కొత్తదే కావాలి. ఒక ప్రోగ్రాములో ఆ రెండు వెర్షన్లూ ఇమడవు. మిగతావాళ్ల మెషీన్లలో ఇదివరకు దించుకున్న పాతవే ఉండటంతో నడిచింది. ప్రతిసారీ అన్నీ కొత్తగా దించుకునే సర్వరులో ఆగిపోయింది.

ఏ లైను ఎవరు మార్చారో కంప్యూటరే రాసి ఉంచుతుంది. అక్కడ ఉన్నది టీమ్ లీడ్ పేరు.

కోడలు రిపోర్టులదానికి మళ్లీ పాత వెర్షన్ పెట్టి బిల్డ్ నడిపింది. ఆగలేదు. “ఆయనే మార్చినాడు మామయ్యా! రేపు అందరి ముందరా చూపిస్తా, ఎవురికి గాలి పడలేదో” అంది కుర్చీలోంచి లేచి.

బిల్డ్ నడిచింది చూసి సాయంత్రం లీడే ఫోన్ చేశాడు. గొంతు తేనెలా ఉంది. “బాగా పట్టుకున్నారు మేడమ్. చెన్నై మాట మర్చిపోండి, హాయిగా ఇంట్లోనే ఉండండి. రేపు మేనేజరుగారు కాల్‌లో ఉంటారు. ఎవరు మార్చారని అడుగుతారు. ఆ కొత్తమ్మాయి రిపోర్టుల మీదే కదా పనిచేస్తోంది? తెలియక మార్చిందని చెప్పేయండి. చిన్నపిల్ల, ఎవరూ ఏమీ అనుకోరు.”

కోడలు మంచినీళ్లు తాగింది. తర్వాత, “సరే సార్” అంది.

ఆ కొత్తమ్మాయికి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ వారమంతా విడిగా ఫోన్ చేసి, “బాధపడకండి అక్కా, దొరుకుతుంది” అని చెప్పింది ఆమె ఒక్కతే.

మర్నాడు కోడలు చెప్పాల్సింది చెప్పింది.

“నేనా అక్కా?” అంది ఆ పిల్ల. “మార్చినట్టు గుర్తులేదు... మార్చానేమో. సారీ అక్కా. నావల్ల మీరు ఇన్ని మాటలు పడ్డారు.”

“ఇకనుంచి కీబోర్డు మీద చెయ్యి పెట్టేముందు సైరన్ వెయ్యమ్మా” అన్నాడు లీడ్. “మేమంతా బయటికి పరిగెత్తుతాం.” అందరూ నవ్వారు. మా కోడలు కూడా, మైకు ఆపకుండానే.

కాల్ ముగియగానే ఆ పిల్ల ఫోన్ చేసింది. “ఎలా కనుక్కున్నారక్కా? నేర్పించరా? మళ్లీ ఇలాంటి తప్పు చేయకూడదు నేను.”

కోడలు ఓపిగ్గా నేర్పింది. ఏ ఫైలు తెరవాలో, ఏ లైబ్రరీకి ఏ వెర్షన్ కావాలో ఎలా చూడాలో చెప్పింది.

“ఆ లైను ఎప్పుడు మారిందో చూడాలంటే ఎక్కడ నొక్కాలక్కా?”

అక్కడ నొక్కితే పేరు కనబడుతుంది.

“అది నీకు అక్కర్లేదు” అంది కోడలు. “ఇంతవరకూ వస్తే చాలు.”

“థాంక్స్ అక్కా. ఇంకెవరూ ఇంత ఓపిగ్గా చెప్పరు.”

నెల తిరగకుండానే ఆ పిల్లను తీసేశారు. ఈ సంగతి కోడలు నాకు చెప్పలేదు. ఆ రిపోర్టుల పని కూడా ఇకమీద మీరే చూసుకోండని లీడ్ అంటుంటే విన్నాను. “అట్టాగే సార్” అంది. కూతుర్ని కాళ్ల దగ్గర కూర్చోబెట్టుకుని స్కూలుకు జడ వేస్తోందప్పుడు. పాయలు గట్టిగా లాగిందేమో, పిల్ల “అమ్మా, నొప్పి” అంది. కోడలు లాగుతూనే ఉంది.