వాన రోజుల ఖాళీలు

కర్మాగారాన్ని విస్తరించే ముందు ఊరివారి అభ్యంతరాలు వినాలని చట్టం చెబుతుంది. అందుకే ఆ ఉదయం కాజీపల్లిలో షామియానా వేశారు. ముందు వరుసలో, మందుల కంపెనీ ఉద్యోగుల మధ్య, సృజన తల వంచుకుని కూర్చుంది. తెర మీద ఉన్నది ఆమె కోడ్ రాసి గీసిన ఏరియా చార్టు. కంపెనీ బయటికి వదిలే నీటిలో కాలుష్యం రెండేళ్లుగా ఎంతుందో చూపే గీత, దాని కింద అంచు నుంచి అంచుకు పరుచుకున్న లేత ఆకుపచ్చ రంగు.

మొదటిసారి గీసినప్పుడు ఆ పచ్చదనంలో తెల్లటి చీలికలు కనిపించాయి. జోరువాన కురిసిన రోజుల్లో కంపెనీవాళ్లు కాలుష్యం కొలిచే మీటరు ఆపేశారు. ఆ రోజులకు అంకెల్లేవు.

"చిరుగుల చీరలా ఉందేంటమ్మా? ముందురోజు అంకెతో నింపెయ్," అని మేనేజరు చలపతిరావు నవ్వాడు.

ఆమె ఒక్క వరుస కోడ్ చేర్చింది. చీలికలు మాయమయ్యాయి. మీటరు ఎందుకు ఆపారని ఆమె అడగలేదు. తెలియక కాదు.

వాన పడ్డప్పుడల్లా వాగు నురుగు కక్కి తన మడి మాడిపోతోందని చెప్పడానికి ఆమె తండ్రి లింగం మాట్లాడేవారి జాబితాలో తన పేరు రాయించుకున్నాడు. ఇప్పుడు వెనక వరుసలో కూర్చుని తెరనే చూస్తూ, "నేనిగ మాట్లాడ. గది నా బిడ్డ గీసింది. మన వాగుల నురుగు ఇంకేడికెల్లి వస్తుందో ఏమో," అన్నాడు.

పక్క పొలం నర్సింహమ్మ ఊరుకోలేదు, ముందు వరుస దాకా వినబడేలా అడిగింది. "గిన్ని దినాలు లొల్లి పెట్టినవ్ గదా లింగన్నా, బిడ్డ బొమ్మ సూపియ్యంగనే సల్లబడ్డవా?"

ఆ మాటలు సృజనకు వినబడ్డాయి. ముఖం మండిపోతుండగా లేచి తండ్రి దగ్గరికి వెళ్లింది.

"బాపూ, మాట్లాడు. వాన దినాల మీటరు బంద్ పెట్టిండ్రు, లెక్క లేకుండె. నేనే నింపిన."

లింగం తెర మీది నుంచి చూపు మరల్చలేదు. "ఎర్కుండే చేసినవా?"

"ఎర్కుండే."

అతను మైకు దగ్గరికి నడిచాడు. "సారూ, వాన పడ్డ దినాల మీటరు బంద్ పెట్టిండ్రు. గా బొమ్మల గది లేదు."

"నీకెవరు చెప్పారు?" అన్నాడు విచారణాధికారి.

లింగం కూతురి పేరు ఎత్తలేదు. చలపతిరావు పెద్దగా నవ్వాడు. కూతురి ఉద్యోగం కోసం తండ్రి అందరి ముందూ అబద్ధాలకోరులా నిలబడ్డాడు. అది చూసి సృజన సిగ్గుతో కుంచించుకుపోయింది.

"నేనే చెప్పాను సార్. ఆ ఖాళీలు నింపిందీ నేనే," అంది.

"వినబడలేదమ్మా. రికార్డు చేయాలి, గట్టిగా చెప్పు," అన్నాడు అధికారి.

ఊరంతా ఆమె వైపు తిరిగింది. ఆమె మొదటినుంచి మళ్లీ చెప్పింది. లింగం మాత్రం తిరిగి చూడలేదు.