తిథి తెలియని మనిషికి ఒక ముద్ద

నా చిన్నప్పుడు మా బడి వంటగదిలోనే ఉండేది. అమెరికాలోని నేపర్‌విల్‌లో తోటిపిల్లలు పసుపు బస్సెక్కి వెళ్తుంటే, నేను దేవుడికి దండం పెట్టుకుని అమ్మ ముందు పుస్తకం తెరిచేదాన్ని. చదువూ అన్నమూ ఒకే బల్ల మీద దొరకడం ఎంత భాగ్యమో అప్పటికి తెలియదు.

ఒక ఏడాది చరిత్ర పాఠాల్లో సోవియట్ దేశం వచ్చింది. పొలాల దేశం కొద్ది ఏళ్లలోనే ఉక్కు ఫ్యాక్టరీలు, ఆనకట్టలు, కాలువలు కట్టేసిందని చదివి మురిసిపోయాను. ఇళ్లలో చదువుకునే పిల్లలం లైబ్రరీలో ప్రాజెక్టులు పెట్టే రోజు దగ్గర పడింది. అట్ట మీద మట్టితో కాలువ చేసి, గట్ల మీద తమ్ముడి బొమ్మ బుల్‌డోజర్లు నిలబెట్టాను.

పక్కింటి మామ్మది ఆ దేశమే. ఒంటరి మనిషి.

"మామ్మకి చూపించు, వాళ్ల ఊరి సంగతేగా, హ్యాపీగా ఫీలవుతుంది. తమ్ముడు లేచేలోపు వచ్చెయ్, బొమ్మలు కనపడకపోతే ఇల్లు పీకి పందిరేస్తాడు" అంది అమ్మ.

మామ్మ చాలాసేపు చూసి, ఒక్కో బుల్‌డోజరూ తీసి పక్కన పెట్టింది. అవి లేకపోతే ఎవరు తవ్వుతారని అడిగాను. నా చేతికి చెక్క గరిటె ఇచ్చి పెరట్లోకి తీసుకెళ్లింది. మంచు ఇంకా పూర్తిగా వదలని నేల. అరచేతులు కందేదాకా తవ్వినా చిప్పెడు మట్టి రాలేదు. లోపలికొచ్చాక వేలెడు రొట్టె ముక్క కోసి ఇచ్చింది.

"ఇంతేనా మామ్మా?"

"తవ్వినంతే రొట్టె" అంది, ముక్కలు ముక్కల ఇంగ్లీషులో. "ఇది తింటే రేపు బలం ఉండదు. తక్కువ తవ్వుతావు. ఎల్లుండి రొట్టె ఇంకా చిన్నది."

రెండు ఆవులున్న పాపానికి భూస్వామి అని ముద్ర వేసి, వాళ్ల నాన్నను సర్కారు ఖైదీగా పట్టుకెళ్లి, యంత్రాల్లేకుండా చెక్క పారలతో అలాంటి కాలువే తవ్వించిందట. కాలువ ఇప్పటికీ ఉంది. ఆయన్ను ఎక్కడ పూడ్చారో ఎవరూ చెప్పలేదు.

నన్ను పిలవడానికి వచ్చిన అమ్మ గుమ్మంలోనే ఇదంతా విని, బల్ల వైపు చూసింది. అక్కడ ఎప్పుడూ ఒక గ్లాసు నీళ్లు, దాని మీద మూతలా రొట్టె ముక్క ఉండేవి. పోయినవాళ్ల కోసం వాళ్ల దేశంలో అలా పెడతారట.

"ఈ రోజు మీ నాన్నగారు పోయిన రోజా?" అమ్మ మెల్లగా అడిగింది.

"ఏ రోజో తెలియదు. అందుకే రోజూ."

అమ్మ ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. నేను బుల్‌డోజర్లు సంచిలో వేసుకుని, గట్ల మట్టి కాస్త తీసి మనుషుల్ని చేయడం మొదలుపెట్టాను. మామ్మ కూడా ఒక మనిషిని చేసింది. అతని చేతికి నేను పుల్లతో చేసిన పార ఇవ్వబోతే వద్దంది. గట్టు మీద కూర్చోబెట్టింది.

"కాసేపు కూర్చోనీ" అంది.

మామ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ తిథి నాకు తెలుసు. ఆ రోజు వేడి అన్నంలో నెయ్యి వేసి, ఆవిడకొక ముద్ద, పక్కనే వాళ్ల నాన్నకొక ముద్ద పెడతాను. ఆయనది కాస్త పెద్దగానే కలుపుతాను.