నత్త సార్ రోడ్డు దాటిన విధం

ఆయన రోడ్డు దాటడం మొదలుపెడితే ఊరంతా ఆగిపోవాల్సిందే.

నగర రవాణా కార్యాలయంలో పెద్ద ఇంజినీరు. తల ముగ్గుబుట్టయినా మనిషి చురుకే. వరండాలో ఆయన వెంట నడవాలంటే పడుచువాళ్ళకే ఆయాసం వచ్చేది. అలాంటి మనిషి కాలిబాట దిగి రోడ్డు మీద కాలు పెట్టాడంటే మాత్రం నత్తే. ఆఫీసువాళ్ళు చాటున పిలిచే పేరూ అదే.

రోడ్డును టేపుతో కాదు, ఆ పేటలో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి కాళ్ళతో కొలవాలని ఆయన పట్టు. ఏ పని తలపెట్టినా, ప్లాన్లు గీసే అమ్మాయిని వెంటబెట్టుకుని రోడ్డెక్కేవాడు. సగం దూరం పోయేసరికి బళ్ళన్నీ ఒక్కసారిగా హారన్లు అందుకునేవి.

"బళ్ళకు పచ్చలైటు పడింది సార్, పరిగెత్తుదాం," అనేది ఆ అమ్మాయి ప్రాణాలు అరచేత పెట్టుకుని.

"పడనీ తల్లీ. మనం ఎక్కడుండగా పడిందో ప్లానులో గుర్తు పెట్టు."

డ్రైవర్లు ఆయన ఏడు తరాలవాళ్ళనూ పేరుపేరునా తలుచుకునేవారు.

ఏటా పనుల జాబితా వేసేటప్పుడు కమిషనర్‌గారు ఫ్లైఓవర్ అనేవారు. ఈయన ఆసుపత్రి ముందు రోడ్డు మధ్యలో, నిలబడి ఊపిరి తీసుకోవడానికి ఒక తిన్నె అనేవాడు. అక్కడి నుంచి ఎవరూ అడగలేదు కదయ్యా అని ఆయన తీసిపారేసేవారు. దాటలేనివాళ్ళు అడగడానికి మాత్రం ఎలా వస్తారని ఈయన గొణుక్కునేవాడు.

ఒక యేడు ఆ ప్లాన్ల అమ్మాయి తల్లికి మోకాలి ఆపరేషన్ అయింది. రోజూ ఆ ఆసుపత్రికి వెళ్ళి వ్యాయామం చెయ్యకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు హెచ్చరించాడు. ఒకనాడు నడిరోడ్డులో హారన్ల మధ్య చిక్కుకుని, కాలు పోతే పోయింది, ఇక గడప దాటనని ఆవిడ భీష్మించింది. ఆ అమ్మాయి ఆఫీసులో చెప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

తర్వాత ఏమైందో, ఆవిడ మళ్ళీ హుషారుగా బయల్దేరసాగింది. అడిగితే, రోజూ మధ్యాహ్నం అక్కడో పెద్దాయన వస్తున్నాడనీ, తనకంటే అధ్వాన్నమనీ, చెయ్యి పట్టుకుని తనే దాటిస్తున్నాననీ చెప్పింది. "నేను మానేస్తే ఆయన గతేంటే?"

అక్కడితో ఆగలేదు. ప్రజల విన్నపాలు వినే రోజున కర్ర పొడుచుకుంటూ కమిషనర్ ఎదుటికి వచ్చింది. తన సంగతి ఎలా ఉన్నా, నడవలేని ఒక అమాయకుడి కోసమైనా ఆ తిన్నె కట్టించాలని గట్టిగా అడిగింది. అంతలో పక్క కుర్చీలో ఫైలు చాటున తల దాచుకున్న మనిషి కంటబడ్డాడు.

"మీరూ అర్జీకే వచ్చారా అన్నయ్యగారూ?"

"అవునమ్మా," అన్నాడు ఇంజినీరు. "చాలా ఏళ్ళుగా వస్తున్నాను."

కమిషనర్‌గారు ఆవిణ్ణి చూశారు, ఈయన్ని చూశారు. నవ్వు ఆపుకోలేక జాబితా దగ్గరికి లాక్కుని, ఫ్లైఓవర్ పైన తిన్నె పేరు రాశారు.

బయటికొచ్చాక మెట్ల దగ్గర ఆవిడ కూతుర్ని గదమాయించింది. "నాకేం ఫర్వాలేదు. ముందు ఆ పెద్దాయన్ని పట్టుకో."

అమ్మాయి చెయ్యి అందించింది. ఆయన ఒళ్ళంతా ఆమె మీద వాల్చి, మెట్టుకోసారి ఆగుతూ దిగసాగాడు.

"సార్, మరీ అంత బరువు వెయ్యకండి," అంది ఆమె చెవిలో.

"ఊరుకో తల్లీ. మీ అమ్మ చూస్తోంది."