బండల మీద పడటం

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వల్ల మా కళాశాల మూతపడేనాటికి నేను నాట్యంలో పీజీ రెండో ఏడు చదువుతున్నాను. నా విషయం నృత్యం కూర్చడం, ఇప్పుడు అందరూ కొరియోగ్రఫీ అంటున్నది. చివరి పరీక్షకు అరగంట నృత్యం కూర్చి ఇతరులతో ఆడించాలి. కూర్చినవాడు తాను ఆడకూడదు. ఆ నియమం నాకు బాగా నచ్చింది. బయట నిలబడ్డవాడికే అన్నీ కనిపిస్తాయనుకునేవాణ్ణి.

నేను ఎంచుకున్న కథ కాల్పుల్లో చనిపోయిన ఒక విద్యార్థిది. ఆ వేషం నాకన్నా ఒక ఏడు చిన్న తరగతివాడికి ఇచ్చాను. మొయినాబాద్ వాడు, నాకన్నా చాలా మంచి నర్తకుడు. బస్సులు నడవక నేను మా ఊరు చేవెళ్ల నుంచి రోజూ సైకిల్ మీద వెళ్లేవాణ్ణి. వాళ్ల ఊరి చర్చి పక్కన బడి వరండాలో సాధన. కింద గట్టి షాబాద్ రాతి బండలు.

తూటా తగలగానే అతను గాల్లోకి ఎగిరి, నడుము తిప్పి, ఎనిమిదో లెక్కకు ఎడమ భుజం మీద పడాలి. అది నేను కళాశాలలో చెక్క పలకల మీద కూర్చినది.

"తూటా తగిలినోడు గిట్ల ఎగరడన్నా," అన్నాడు రెండో రోజు. "నేను చూసిన. ఊరేగింపుల నా ముందటోడే. ఏమో మర్చిపోయినట్టు జర సేపు నిలబడి, మెల్లగ కూసున్నడు. కూసున్నంకనే తూటా తగిలిందని మాకు ఎర్కయింది."

"కూసుంటే ఎనక వరుసోళ్లకు ఏం కనిపిస్తది?"

"కనిపియ్యకుంటే కండ్లద్దాలు తెచ్చుకుంటరు తియ్."

నవ్వి, మళ్లీ ఎగరమన్నాను. ఆ ముందటి మనిషి ఎవరని, తర్వాత ఏమయ్యాడని అడగలేదు.

నాలుగో రోజు అదే పడటం పది సార్లు చేయించాను. పదకొండోసారి పడ్డాడు, లేచాడు, రెండడుగులు వేసి నిలబడ్డాడు. తర్వాత మెల్లగా కూర్చున్నాడు.

"కూసోవద్దని ఎన్నిసార్లు చెప్పాలె నీకు? మొదటి నుంచి పట్టు," అన్నాను.

అతను లేవలేదు. నేను చేత్తో తాళం వేస్తూ లెక్క మొదలుపెట్టాను. నాలుగు దాకా వచ్చాక అతని ముఖం చూశాను. సున్నం రంగుకు తిరిగింది. ఎడమ చెయ్యి వేరేవాళ్లదైనట్టు ఒళ్లో పడి ఉంది. అది చూశాక కూడా నా నోరు ఐదు అన్నది. ఆరు రాలేదు. ఆ తర్వాత ఎంతసేపు అలాగే నిలబడ్డానో నాకు తెలియదు. ఎవరో వచ్చి నన్ను పక్కకు జరిపారు.

అతని తల్లి పొలం నుంచి వచ్చి, తువ్వాలతో చెయ్యి మెడకు కట్టింది. దవాఖానకు తీసుకుపోయే ఎడ్లబండి కోసం చూస్తూ నన్నడిగింది:

"గీ పడుడు నువ్వెన్నిసార్లు పడ్డవు బిడ్డా?"

"నేను పడను, అవ్వా. చెప్పెటోణ్ణి."

"చెప్పెటోనివైతే ఒక్కపారన్న పడి చూడాలె గద."

తిట్టినట్టు కూడా అనలేదు. ఆ సాయంత్రం చేవెళ్లలో మా వాకిట్లో పడి చూద్దామని నిలబడ్డాను. కింద మట్టి నేలే. అయినా కాళ్లు లేవలేదు. భయమేసింది.

విరిగిన ఎముక అతికింది కానీ ఆ చెయ్యి మళ్లీ భుజం దాటి పైకి లేవలేదు. అతని నాట్యం అక్కడితో ఆగింది.

కళాశాల తెరిచాక పరీక్షలో మరొకరితో ఆ వేషం వేయించాను. ఈసారి ఎగరడం లేదు. తూటా తగిలినవాడు ఏదో మర్చిపోయినట్టు కాసేపు నిలబడి, మెల్లగా కూర్చున్నాడు. ఆ కూర్చోవడం ఎలా తోచిందని పరీక్షకులు అడిగారు.

"ఆలోచిస్తే తట్టింది," అన్నాను.

చెప్పాక చూశాను, మొయినాబాద్ అతను చివరి వరుసలో ఉన్నాడు. వస్తాడని అనుకోలేదు. బయటికి వచ్చాక నా దగ్గరికి వచ్చి, కుడిచేత్తో నా భుజం తట్టాడు.

"ఎనక నుంచి గూడ మంచిగనే కనిపించిందన్నా," అన్నాడు.